పాల వ్యాను కమాన్ కట్టలు కుంగితే

పాలు కొలవడం గురించీ, వెన్న శాతం గురించీ, దాణా గురించీ ఈ పేజీలలో తరచు రాస్తూనే వున్నాము. పాలు సంఘం గుమ్మం దాటిన తరువాత వాటిని మోసే బండి గురించి మాత్రం రాసింది తక్కువ. బండి కాంట్రాక్టరుది గదా, మనకెందుకు అనే ధోరణి చాలా సంఘాలలో వుంది. ఆ ధోరణి వల్ల సభ్యులకు కలిగే నష్టాన్ని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తనిఖీలలో మేము కళ్ళారా చూశాము. కనుక ఈసారి బండి క్రిందికి దూరి కమాన్ కట్టల సంగతి రాస్తున్నాము.

ముందుగా ఒక తగవు సంగతి చెప్పాలి. పాలకొండ వైపు ఒక సంఘంలో సంక్రాంతి ముందు రోజులలో ఫ్యాట్ తేడా గురించి పెద్ద గొడవ జరిగింది. సంఘంలో పరీక్షించినప్పుడు వచ్చిన వెన్న శాతానికీ, శీతలీకరణ కేంద్రంలో వచ్చిన శాతానికీ రోజూ రెండు మూడు పాయింట్ల తేడా కనబడుతోంది. తేడా ఎప్పుడూ ఒకే వైపు, అంటే సంఘానికి నష్టం వచ్చే వైపే. సభ్యులకు కార్యదర్శి మీద అనుమానం. కార్యదర్శికి కేంద్రం మీద అనుమానం. ఫిర్యాదు మా దాకా వచ్చింది. మేము వెళ్ళి టెస్టరు చూశాము, లాక్టోమీటరు చూశాము, పుస్తకాలు చూశాము. చెప్పుకోదగిన తప్పు ఏదీ దొరకలేదు. మూడవ రోజు ఉదయం క్యాన్లతోపాటు మేము కూడా వ్యాను ఎక్కాము.

అది పాత పికప్పు. గెడ్డలు దాటడానికి వీలుగా అదనపు పట్టీలు వేయించి ఎత్తు చేసిన బండి. వెనుక ఎడమ మూల కుంగి వుంది. గోతిలో పడినప్పుడల్లా కుడివైపు గడ్డపారలా బిగుసుకుని ఎగిరి పడుతోంది, ఎడమవైపు చాసిస్ వచ్చి ఇరుసు మీద దబ్బున కొట్టుకుంటోంది. క్యాన్లు ఒకదానినొకటి గుద్దుకుంటున్నాయి. కేంద్రంలో మూతలు తీసినప్పుడు సగానికి మాత్రమే నిండిన క్యాన్ల మూతల లోపలి వైపు వెన్న పలుకులు అంటుకుని వున్నాయి. చలి ఉదయం, గేదె పాలు, సగం ఖాళీ క్యాన్, ఆపైన ఇరవై కిలోమీటర్ల కుదుపు! కవ్వం లేకుండానే పాలు చిలికినట్లయింది. పలుకులుగా విడిపోయిన వెన్న శాంపిలు గరిటలోకి రాదు. గరిటలోకి రానిది పరీక్షలో కనబడదు, పరీక్షలో కనబడనిదానికి డబ్బు రాదు.

తేడా మొత్తానికీ కమాన్లే కారణమని మేము అనము. కేంద్రంలో శాంపిలు తీసేముందు పాలను సరిగా కలపకపోవడం కూడా కొంత వుంది. అయితే క్యాన్లు నిండుగా నింపి, మిగిలినదానిని ఒకే క్యాన్‌లో పంపి, బండికి కట్టలు మార్పించిన తరువాత తేడా మామూలు స్థాయికి దిగింది. కార్యదర్శి మీద పడిన మచ్చ తొలగింది. ఆ మనిషి ఆ నెల రోజులు ఊరిలో ఎలా తిరిగాడో మాకు తెలుసు.

కమాను అంటే ఏమిటి?

కమాను అంటే విల్లు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి ఒకదాని క్రింద ఒకటి పేర్చి కట్టినదే కమాన్ కట్ట. ఇది మోటారు బండితో పుట్టినది కాదు. ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనే బండ్ల పనివాడు 1804లో గుర్రపు బళ్ళకు ఇటువంటి ఉక్కు కమాన్లు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మన పట్టణాలలో తిరిగిన జట్కా బళ్ళకూ కమాన్లే వుండేవి. పెద్దవారికి గుర్తుండే వుంటుంది.

కట్టలో అన్నిటికంటె పైన, అన్నిటికంటె పొడవుగా వుండేది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి కళ్ళులా చేసి వుంటాయి. ఒక కన్ను చాసిస్‌కు నేరుగా బిగుస్తుంది. రెండవ కన్ను షాకిల్ అనే ఊగే బద్దీలకు తగులుతుంది. బరువు పడితే విల్లు చదునవుతుంది, చదునైతే పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడానికే షాకిల్ ఊగుతుంది. పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి పట్టుకునేది సెంటర్ బోల్టు. కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి యూ బోల్టులు. పట్టీలు ప్రక్కకు చెదరకుండా వుండడానికి క్లిప్పులు.

ఇక్కడ మెకానిక్కులు కూడా కొందరు గమనించని సంగతి ఒకటి వుంది. పట్టీలను విడదీసి నేల మీద పెడితే అన్నిటి వంపూ ఒకే తీరుగా వుండదు. క్రిందికి పోయినకొద్దీ పట్టీ పొట్టిదవుతుంది, దాని వంపు కొంచెం ఎక్కువవుతుంది. సెంటర్ బోల్టు బిగించినప్పుడు ఈ వంపుల తేడా వల్ల పట్టీలు ఒకదానినొకటి బిగబట్టుకుంటాయి. ఆ బిగువు వల్లనే మెయిన్ పట్టీ మీద పడే శ్రమ తగ్గి క్రింది పట్టీలకు పంపకమవుతుంది. ఎక్కడో పాత లారీ నుంచి తీసిన పట్టీని, వంపు చూడకుండా, నడుమ దూర్చితే ఈ పంపకం చెడుతుంది. అప్పుడు విరిగేది కొత్తగా దూర్చిన పట్టీ కాదు. ఏ పాపమూ ఎరుగని మెయిన్ పట్టీ విరుగుతుంది.

షాక్ అబ్జార్బరు గురించి కూడా ఒక మాట. బండి కుంగితే షాకులు మార్చమని సలహా ఇచ్చేవారున్నారు. మామూలు షాక్ అబ్జార్బరు బరువు మోయదు. కమాను ఊగుతూ వుంటే ఆ ఊపును అణచడమే దాని పని. నూనె కారిపోయిన షాకు వల్ల బండి పడవలా ఊగుతుంది గాని కుంగదు. కుంగిన బండికి షాకులు మార్చడం కాలు విరిగినవాడికి కొత్త చెప్పులు కొనిపెట్టడం వంటిది.

మన వైపు ఎందుకు త్వరగా కుంగుతాయి?

మొదటి కారణం బరువు. నలభై లీటర్ల క్యాన్‌లోని పాలు సుమారు 41 కిలోలు తూగుతాయి. ఖాళీ క్యాన్ బరువు కలిపితే నిండు క్యాన్ దగ్గర దగ్గర 50 కిలోలు. ఇప్పుడు మీ బండి ఆర్.సి. చూడండి. అందులో రిజిస్టరయిన మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ వుంటాయి. ఉదాహరణకు మొత్తం 2,500 కిలోలు, ఖాళీ బండి 1,500 కిలోలు అనుకుందాము. మిగిలిన 1,000 కిలోలలో డ్రైవరు, క్లీనరు కలిసి 130 కిలోలు పోగా 870 మిగులుతుంది. అంటే పదిహేడు క్యాన్లు. ఆ బండిలో ముప్ఫై క్యాన్లు ఎక్కించి, పైన నాలుగు దాణా బస్తాలు వేసి, ఆ బస్తాల మీద ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి, కమాన్ ఎందుకు కుంగిందని అడగడం మేము విన్నాము.

బండి నిలిచి వున్నప్పటి బరువు వేరు, గోతిలో పడినప్పటి బరువు వేరు. వేగంగా పోతూ గోతిలో పడిన చక్రం మీద మామూలు బరువుకు రెండు రెట్ల పైన కూడా ఒత్తిడి పడవచ్చు. నిలిచినప్పుడు మోయగలిగిందిగదా అనే లెక్క అందుకే పనికిరాదు. ఉక్కును మళ్ళీ మళ్ళీ వంచితే అలసిపోతుంది. అలసిన ఉక్కు మొదట వంపు పోగొట్టుకుంటుంది, తరువాత కంటికి కనబడని చీలిక వస్తుంది, ఆ తరువాత ఒకనాడు గెడ్డ మధ్యలో విరుగుతుంది.

రెండవ కారణం త్రుప్పు. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు సముద్రపు గాలి సంగతి సరే. సముద్రానికి దూరంగా వున్న సాలూరు, కురుపాం వైపు పాల బళ్ళకు కూడా కట్టలు త్రుప్పు పట్టడం చూసి మేము మొదట ఆశ్చర్యపోయాము. కారణం పాలే. క్యాన్ల నుంచి ఒలికిన పాలు పలకల సందులలో పులుస్తాయి. ఆ పులుపులో వున్నది ఆమ్లం. పైగా రోజూ నీళ్ళతో కడుగుతారు. పులిసిన నీరు సరిగ్గా వెనుక కట్టల మీదికీ, వాటిని పట్టివుంచే హ్యాంగర్ల మీదికీ కారుతుంది. ఒక బండిలో కట్ట బాగానే వుంది గాని దానిని మోసే హ్యాంగరు అప్పడంలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఎడమ మూల కుంగినది కట్ట వల్ల కాదు, హ్యాంగరు చాసిస్‌లోకి దిగిపోవడం వల్ల. కడిగిన తరువాత మంచినీరు మరొకసారి క్రిందివైపు కొట్టడం, ఆరనివ్వడం చాలా చిన్న పని.

పట్టీలకు వాడిన ఇంజనాయిలు చిమ్మే అలవాటు మన డ్రైవర్లకు వుంది. కిర్రుమనే చప్పుడు పోతుంది, నిజమే. కాని ఆ నూనెకు దుమ్ము అంటుకుని పట్టీల మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది. రబ్బరు బుష్షులు వున్న బండిలో నూనె తగిలి రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పట్టీలు విప్పినప్పుడు తీగబ్రష్షుతో త్రుప్పు గీకి గ్రాఫైటు గ్రీజు పలుచగా రాయించడమే సరైన పద్ధతి. ఇనుప బుష్షులుండి నిపుల్ వుంటే మామూలు గ్రీజు కొట్టించాలి. రబ్బరు బుష్షులకు ఏదీ వద్దు.

ఎత్తు చేయించిన బళ్ళ సంగతి

మన రెండు జిల్లాలలోనూ, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ బండిని ఎత్తు చేయించడం సరదా కోసం కాదు. వానాకాలంలో గెడ్డలు పొంగుతాయి. కాజ్‌వేల మీద నీరు పారుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోడ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు ఏమయ్యాయో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి చోట నాలుగంగుళాలు ఎత్తుగా వున్న బండే పాలను గట్టెక్కిస్తుంది. కనుక ఎత్తు చేయించినవారిని మేము తప్పుపట్టడం లేదు. ఎలా చేయించారన్నదే మా ప్రశ్న.

ఎత్తడానికి సాధారణంగా మూడు దారులు త్రొక్కుతారు: పట్టీలు చేర్చడం, పొడవు షాకిళ్ళు వేయడం, ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టడం. పట్టీలు చేరిస్తే బండి లేస్తుంది, అదే సమయంలో బిగుసుకుంటుంది. పట్టీ మందం కొంచెం పెరిగినా బిగువు చాలా పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో అంతే పొడవు, వెడల్పు గల 8 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే దాని బిగువు ఒకటిన్నర రెట్లవుతుంది. ఎందుకంటే బిగువు మందం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. ఏడు మూడుసార్లు హెచ్చిస్తే 343, ఎనిమిది మూడుసార్లు హెచ్చిస్తే 512. చదువుకునే మీ పిల్లలను అడిగితే లెక్క కట్టి చూపిస్తారు. ఇలా బిగిసిన బండి ఖాళీగా వస్తున్నప్పుడు ఎగిరి పడుతుంది, సగం బరువుతో పోతున్నప్పుడు పాలు చిలుకుతుంది.

పొడవు షాకిళ్ళు చవకైన పద్ధతి, అందుకే ఎక్కువమంది చేయిస్తారు. షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి లేచేది ఒక అంగుళమే. షాకిల్ పొడవైనకొద్దీ ప్రక్కలకు ఊగుతుంది, మలుపులో వెనుక భాగం తోక ఆడించినట్లవుతుంది. ముందు కట్టలకు ముందువైపు వుండే షాకిల్ పొడవు చేస్తే ముందు ఇరుసు కోణం మారి, మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను నేరుగా రాదు. ముందు ఇరుసుకు దిమ్మ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బ్రేకు తొక్కినప్పుడు ముందు ఇరుసు మీద పడే మెలికకు ఆ దిమ్మ జారితే స్టీరింగు చేతిలో వుండదు.

ఎత్తు చేసిన బండిలో చూడవలసినవి మరికొన్ని వున్నాయి. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి క్రాసులు త్వరగా అరుగుతాయి. బండి కదిలించేటప్పుడు క్రింద నుంచి టక్ టక్ మని వినబడితే అదే. జాకీతో చాసిస్ ఎత్తి చక్రాలు వ్రేలాడేటట్లు చేసినప్పుడు బ్రేకు గొట్టం తాడులా బిగుసుకుంటుంటే అది పొట్టిదైందని అర్థం. వెంటనే పొడవైనది వేయించాలి. కొన్ని బళ్ళలో వెనుక బరువునుబట్టి బ్రేకును సర్దే కడ్డీ ఒకటి ఇరుసుకు తగిలించి వుంటుంది. బండిని ఎత్తినప్పుడు ఆ కడ్డీని సర్దకపోతే, బండి ఎప్పుడూ ఖాళీగానే వుందని అది భ్రమిస్తుంది, నిండు బరువులో వెనుక బ్రేకు చాలీచాలకుండా పడుతుంది. అన్నిటికీ మించి, ఎత్తయిన బండి త్వరగా తిరగబడుతుంది. సగం నిండిన క్యాన్లలో పాలు మలుపులో ఒక ప్రక్కకు ఒరుగుతాయని మరువరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగిన నాడు బీమా కంపెనీ మొదట అడిగేది ఇదే. ఎత్తు ఎంత తక్కువలో సరిపెట్టుకుంటే అంత మేలు.

టేపుతో మీరే కొలవవచ్చు

కట్టలు కుంగినదీ లేనిదీ తెలుసుకోవడానికి మెకానిక్కే రానక్కరలేదు. కార్యదర్శి వద్ద టేపు వుంటే చాలు. బండిని ఖాళీ చేసి చదునైన సిమెంటు నేల మీద నిలపండి. పాల కేంద్రం ముందు గచ్చు బాగా పనికివస్తుంది. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. ఒక టైరులో గాలి తగ్గితేనే అరంగుళం తేడా వస్తుంది. జాకీ పెట్టి దించిన వెంటనే కొలవవద్దు. బండిని నాలుగడుగులు ముందుకూ వెనుకకూ తోసి, వెనుక బంపరు మీద ఎక్కి రెండు సార్లు ఊపి, ఆ తరువాత కొలవండి.

కొలవవలసింది ఇరుసు గొట్టం పైభాగం నుంచి నేరుగా చాసిస్ అడుగు వరకు. వెనుక కుడి, ఎడమ, ముందు కుడి, ఎడమ నాలుగూ వ్రాసుకోండి. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలకు అరంగుళం పైన తేడా వుంటే కారణం వెతకాలి. మొత్తంగా రెండువైపులా సమానంగా కుంగి వుంటే తేడా తెలియదు. అప్పుడు అదే మోడలు బండి, ఎత్తు చేయించనిది, ఎక్కడైనా దొరికితే దాని కొలతతో పోల్చాలి. తరువాత క్యాన్లు ఎక్కించి మళ్ళీ కొలవండి. నిండు బరువులో చాసిస్ క్రింది బంప్ రబ్బరుకూ ఇరుసుకూ మధ్య నాలుగు వేళ్ళు దూరే సందు కూడా లేకపోతే ఆ బండి ప్రతి గోతిలోనూ కొట్టుకుంటోందన్నమాట. రబ్బరు మెరుస్తూ వున్నా, అసలు ఊడిపోయినా అదే సాక్ష్యం.

కుంగిన మూలే ఎప్పుడూ దోషి కాదు. ముందు కుడి కట్ట బలహీనమైతే దానికి ఎదురు మూల, అంటే వెనుక ఎడమ, లేచినట్లు కనబడుతుంది. అప్పుడు వెనుక కుడివైపు కుంగిందని భ్రమపడి అక్కడ పట్టీ వేయిస్తారు. ముందు ఇరుసు నడుమ జాకీ పెట్టి కొద్దిగా ఎత్తి చూడండి. వెనుక ఒరుగు అలాగే వుంటే తప్పు వెనుకే. ఒరుగు పోతే తప్పు ముందు వుంది. మన రోడ్లు ఎడమ అంచుకు వాలి వుండడం వల్లనూ, బండి తరచు ఎడమ మట్టిలోకి దిగి దారి ఇవ్వవలసి రావడం వల్లనూ ఎడమ కట్టలు ముందుగా అలిసిపోతాయి. ఇది అందరు మెకానిక్కులూ చెప్పే మాటే.

ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనుక చక్రం నడిబొడ్డు వరకు రెండు ప్రక్కలా కొలవడం కూడా అవసరం. ఒక ప్రక్క తక్కువ వస్తే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగినట్లు అనుమానించాలి. అటువంటి బండి పీతలా ప్రక్కవాటుగా నడుస్తుంది. వెనుక నుంచి స్కూటరు మీద వచ్చేవారికి అది స్పష్టంగా కనబడుతుంది, డ్రైవరుకు మాత్రం కనబడదు. ఈ కొలతలో తేడా వస్తే ఆ పూట పాలు వేరే బండిలో పంపండి.

పట్టీలను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడాలి. విరిగిన పట్టీ క్లిప్పుల మధ్య ఇరుక్కుని బాగున్నట్లే కనబడుతుంది. పట్టీకి అడ్డంగా సన్నని ఎర్రని త్రుప్పు గీత వుంటే అక్కడ చీలిక వుందన్నమాట. ఎక్కువగా విరిగేది మెయిన్ పట్టీ కన్ను దగ్గర, లేదా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర.

ఏమి చేయించాలి?

ఒక రూటు డ్రైవరు మాతో అన్న మాట ఇది. "ఇనస్పెట్రు బాబుగారూ, పట్టీ ఇరిగితే పట్టీ ఏయించేస్తాం, అక్కడితో సరిపోద్ది. కట్ట మొత్తం మార్చమంటే ఓనరు ఊరుకుంటాడేటండీ?" ఆ బండికి ఏడాదిలో అయిదు వోచర్లు మేము చూశాము. ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు భరించవలసిన ఖర్చును సంఘం ఖాతాలో వ్రాసిన వోచర్లు అవి. ప్రతిసారీ చిన్న మొత్తమే, ప్రతిసారీ "కమాన్ పట్టీ ఒకటి" అనే. అయిదూ కూడితే ఒక జత కొత్త కట్టల ఖరీదును మించింది. వోచరు చిన్నదైతే ఎవరూ అడగరు. మేమూ మొదటి రెండు తనిఖీలలో అడగలేదు.

పట్టీలు విరగకుండా, చీలకుండా వుండి వంపు మాత్రమే తగ్గితే తిరిగి వంపు ఎక్కించవచ్చు. దీనిలో రెండు విధాలు. వేడి లేకుండా సుత్తితో గాని ప్రెస్సుతో గాని వంచడం ఒకటి. ఇది కొన్ని నెలలు ఆగుతుంది. అలసిన ఉక్కు అలసినదే కనుక తిరిగి కుంగుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి గాలికి ఆరబెట్టడం రెండవది. ఇది అన్నిటికంటె చెడ్డది. కమాన్ ఉక్కు గట్టిదనం దానికి ఇచ్చిన కాపు వల్ల వచ్చినది. కర్మాగారంలో సుమారు 850 నుంచి 900 డిగ్రీల వరకు కాచి, నూనెలో ముంచి, పెళుసుదనం పోవడానికి మళ్ళీ తక్కువ వేడిలో కాస్తారు. కొలిమిలో కాల్చి వదిలేస్తే ఆ కాపు పోయి మెత్తని ఇనుములా మిగులుతుంది. చూడడానికి విల్లులా అందంగా వుంటుంది, పది రోజులలో బల్లలా చదునవుతుంది. నూనెలో ముంచి తిరిగి కాపు పెట్టే ఏర్పాటు వున్న వర్క్‌షాపు అయితే వేరు. ముందే అడిగి తెలుసుకోండి. విరిగిన పట్టీని వెల్డింగు చేయించడం మాత్రం పాల బండికి పనికిరాదు.

కొత్త కట్ట వేయించేటప్పుడు ఒకే ఇరుసుకు రెండువైపులా కలిపి మార్చాలి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది అయితే ఒరుగు మొదటి రోజే మొదలవుతుంది. ఎత్తు కావాలంటే బండి మోడలుకు సరిపోయే, వంపు ఎక్కువగా వున్న పూర్తి కట్ట తీసుకోవాలి గాని పాత కట్టలో ముక్కలు దూర్చరాదు. ఇటీవలి బళ్ళలో కొన్నిటికి రెండు మూడు మందపాటి పట్టీలే వుంటాయి. నడుమ లావుగా, కొసలకు సన్నగా వుండి మధ్యలో ఒకదానికొకటి తగలకుండా ఖాళీ వుంటుంది. వాటిని పారాబోలిక్ కమాన్లంటారు. ఆ ఖాళీ చూసి ఏదో పోయిందనుకుని అందులో పట్టీ దూర్చినవారిని చూశాము. 1986లో వచ్చిన టాటా 407 వంటి బళ్ళకూ, పాత జీపు తరహా పికప్పులకూ చేసిన వైద్యం వీటికి చేయకూడదు.

పని జరుగుతున్నప్పుడు

ఈ పని సంఘం ఆవరణలో చేయిస్తే దగ్గర వుండి చూడండి. క్యాన్లు దించకుండా, ఒక్క జాకీ మీద ఎత్తి, క్రింద పడుకునే అలవాటు వుంది. చాసిస్ క్రింద గట్టి స్టాండ్లు గాని మందపాటి చెక్క దిమ్మలు గాని పెట్టనిదే మనిషిని క్రిందికి పోనివ్వవద్దు. ఇటుకలు పెట్టరాదు, అవి చెప్పకుండా పగులుతాయి. నేల మీద వున్న చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. కట్టను విప్పేటప్పుడు సెంటర్ బోల్టును ఊరికే తెంచకూడదు. పట్టీలు బిగువు మీద వుంటాయని పైన వ్రాశాము గదా. కట్టను వైసులో గాని పెద్ద క్లాంపులో గాని పట్టి, బోల్టు తీసి, మెల్లగా వదలాలి. ఇలా చేయక పట్టీ ఎగిరి చెయ్యి విరిగిన కుర్రవాణ్ణి మేము ఎరుగుదుము.

యూ బోల్టులు పాతవి తిరిగి వాడవద్దు. ఒకసారి గట్టిగా బిగిసిన బోల్టు సాగి వుంటుంది, మరల అంత పట్టు ఇవ్వదు. యూ బోల్టు వదులైతే కట్ట నడుమ భాగం కదిలి సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర పట్టీ విరుగుతుంది. నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. చివరి బిగింపు బండిని నేలకు దించి బరువు చక్రాల మీద పడిన తరువాతే. కన్నులలో రబ్బరు బుష్షులున్న బళ్ళలో షాకిల్ బోల్టులు కూడా అంతే. గాలిలో వ్రేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలలో చీలుతుంది. నాలుగైదు రోజులు రూటు తిరిగిన తరువాత యూ బోల్టులు మరొకసారి బిగించాలి. చాలామంది ఎగగొట్టేది ఇదే.

ఎత్తు మారింది కనుక హెడ్‌లైట్ల వెలుగు కూడా సరిచేయించండి. తెల్లవారుజామున పాలు తెచ్చే సైకిలువాళ్ళ కళ్ళలో పడకూడదు.

బండి చక్కబడిన తరువాత క్యాన్లు పేర్చడం కార్యదర్శి పని. నిండు క్యాన్లు ఇరుసుకు ముందువైపు, రెండు ప్రక్కలా సమానంగా వుండాలి. వెనుక తలుపు దగ్గర ఎక్కువ బరువు పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు తేలుతుంది. ఖాళీ సందులలో గోనెలు కూరితే క్యాన్లు కొట్టుకోవు.

రవాణా ఒప్పందాల గురించి. మేము చూసిన ఒప్పందాలలో కిలోమీటరు రేటు వుంది, ఆలస్యానికి జరిమానా వుంది, పులిసిన పాలకు ఎవరు బాధ్యులో వుంది. బండి ఎలా వుండాలో లేదు. కమాన్ విరిగి బండి రెండు గంటలు ఆగితే, అనుకూలమైన వేడిలో అరగంటకోసారి దాదాపు రెట్టింపయ్యే సూక్ష్మజీవులకు అది చాలిన సమయం. కేంద్రంలో ఆ పాలు కాచి చూసే పరీక్షలో విరుగుతాయి. జరిమానా కాంట్రాక్టరు నుంచి వసూలయ్యేలోగా సభ్యునికి ఆ పూట డబ్బు పోతుంది. కనుక వచ్చే ఒప్పందంలో మూడు మాటలు చేర్చమని పాలకవర్గాలకు మా సలహా: ఆర్.సి. ప్రకారం ఎన్ని క్యాన్లకు మించి ఎక్కించరాదో సంఖ్య వేయాలి; మూడు నెలలకొకసారి కట్టల కొలత సంఘం సమక్షంలో తీయాలి; కమాన్ మరమ్మతు జతగా జరగాలి, వోచరుకు విరిగిన పట్టీ జతచేయాలి. మొదటి షరతుకు కాంట్రాక్టరు రేటు పెంచమంటాడు. అడగడం న్యాయమే, రెండు ట్రిప్పులు తిరగవలసి వస్తుంది గదా. కూర్చుని లెక్క చూసుకోండి.

కొలతలకు వేరే రిజిస్టరు అక్కరలేదు. రవాణా పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి నాలుగు అంకెలు వ్రాస్తే చాలు. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ చూపండి. టేపు లేని సంఘాలకు మా సంచిలో ఒకటి వుంటుంది.